63 కిలోల నాకు షుగర్, 94 కిలోల మా తోడల్లుడికి అన్నీ నార్మల్: ఇదెలా సాధ్యం?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. వయసు 44, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 63 కిలోలు. రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాసే పని. పరగడుపు షుగర్ 131, మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 7.1, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 268, మంచి కొలెస్ట్రాల్ 33, బీపీ 136/88, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1, నడుము 93 సెంటీమీటర్లు. మీ తోడల్లుడిది అదే ఎత్తు, 94 కిలోలు. కొబ్బరి కొట్లో బస్తాలు తనే ఎత్తుతారు, పండక్కి మీ పక్కనే కూర్చుని మీకు రెండింతలు తింటారు. ఇద్దరూ ఒకే రోజు రక్తం ఇస్తే ఆయన రిపోర్టులన్నీ నార్మల్. "శాంపిళ్లు తారుమారయ్యాయేమో" అని మీ అనుమానం.

తారుమారు కాలేదండి. పరగడుపు షుగర్ 126 దాటితే షుగర్ జబ్బు, మూడు నెలల సగటు 6.5 దాటినా షుగర్ జబ్బే. మీకు రెండూ దాటాయి. మీ స్కానింగు, మీ నడుము కొలత కూడా అదే కథ చెబుతున్నాయి. భీమవరం, పాలకొల్లు మధ్య 24 ఏళ్లుగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. మీలాంటి వాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. అందరిదీ ఒకే మాట: "నేను సన్నగానే ఉన్నాను కదండీ."

మా నాన్నగారు కూడా సన్నటి మనిషే. 54 కిలోలు. ఊళ్లో ఎవరికి గుండెపోటు వచ్చినా "ఒళ్లు అంత పెంచుకుంటే రాదా మరి" అనేవారు. 57వ ఏట ఆయనే గుండెపోటుతో పోయారు. అంతకు రెండేళ్ల ముందు నేను మెడిసిన్ పాసయ్యాను. ఆయన రక్తం ఒక్కసారి కూడా పరీక్ష చేయించలేదు. సన్నగా ఉన్న మనిషికి పరీక్ష ఎందుకనే అనుకున్నాను. ఆ తప్పు నాది. ఆయన పంచె పైన చిన్న కుండలా కనిపించే పొట్ట నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఇలాంటి ప్రశ్నలకి కాస్త పొడుగ్గా జవాబు రాస్తాను, ఓపిక పట్టండి.

మీ ఎత్తూ బరువూ లెక్కేస్తే బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 22.3 వస్తుంది. ఈ అంకెకి వైద్యరంగంలో ఒక కథ ఉంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడ్డ ఫొటో వేశారు. ఒకరు పుణెలో పనిచేసే యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌లో పనిచేసే యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ కచ్చితంగా 22.3. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం ఉంది. బరువు కాటాకి ఇద్దరూ ఒకటే. లోపల మాత్రం ఒకరిది కండ, ఇంకొకరిది కొవ్వు. మీ 63 కిలోల్లో ఏది ఎంత ఉందో కాటా చెప్పదు. 168 ఎత్తుకి 93 నడుము చెబుతోంది.

అసలు విషయం కొవ్వు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ చేరిందన్నది. తిన్నది ఎక్కువైతే శరీరం దాన్ని చర్మం కింద దాచుకుంటుంది: తొడల్లో, పిరుదుల్లో, చేతుల మీద. అది కొవ్వుకి తగిన చోటు, అక్కడ ఉన్నంతకాలం పెద్దగా హాని చేయదు. కానీ ఆ చోటు అందరికీ ఒకేలా ఉండదు. ఒక ఎకరం చెరువు, ఐదెకరాల చెరువు పక్కపక్కన ఉన్నాయనుకోండి. రెండింటికీ ఒకే వాన పడింది. ఎకరం చెరువు నిండి, గట్టు పొర్లి, నీళ్లు ఇంట్లోకి వచ్చేస్తాయి. ఐదెకరాల చెరువు సగం కూడా నిండదు. మీది ఎకరం చెరువు, మీ తోడల్లుడిది ఐదెకరాలు. ఆయన ఒంటి మీద కనిపించే లావంతా చెరువులోనే నిలిచిన నీరు. మీ ఒంటి మీద ఏమీ కనిపించడం లేదు, ఎందుకంటే అది గట్టు దాటి లోపలికి వెళ్లింది.

లోపలికి అంటే ముందు లివర్‌లోకి. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు రక్తంలోకి చక్కెర వదిలే పని లివర్‌ది. ఎంత వదలాలో ఇన్సులిన్ చెబుతుంది. లివర్‌లో కొవ్వు పేరుకుంటే ఆ మాట సరిగా వినదు, తెల్లవార్లూ చక్కెర వదులుతూనే ఉంటుంది. ఏమీ తినకుండా ఇచ్చిన రక్తంలో మీకు 131 వచ్చింది అందుకే. అదే లివర్ తన దగ్గర ఎక్కువైన కొవ్వుని ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి పంపుతుంది. 268 అక్కడిది. ఆ కొవ్వు కొంత పాంక్రియాస్‌లో చేరి, ఇన్సులిన్ తయారుచేసే కణాలని మందగింపజేస్తుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గడం, బీపీ పెరగడం కూడా ఈ గుంపులోవే. మీ రిపోర్టులో ఐదు జబ్బులు ఉన్నాయని భయపడుతున్నారు. ఉన్నది ఒక్కటే, ఐదు చోట్ల కనబడుతోంది.

మనవాళ్ల చెరువు ఎందుకు చిన్నది? ఇది పుట్టుకతోనే మొదలవుతుందని యాజ్ఞిక్ గారి బృందమే చూపించింది. పుణె పల్లెల్లో పుట్టిన పిల్లలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్ పిల్లలు 3.5 కిలోలు. మన బిడ్డకి కండ తక్కువ, అవయవాలు చిన్నవి, కొవ్వు మాత్రం దాదాపు వాళ్లకి ఉన్నంత ఉంది. తరతరాలుగా తిండి సరిపోని తల్లుల కడుపున పుట్టిన శరీరాలు ఇవి. తక్కువ తిని ఎక్కువ నడిచే బతుక్కి సరిపోయేవి. అందుకే మనకి బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన దేశపు డాక్టర్లు కొలతలు తగ్గించి పెట్టారు. నడుము మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇప్పుడు మన డెల్టా సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ నేలకి అన్నం కొదవ లేదు. కానీ ఆ అన్నం తిన్న మనిషి మా చిన్నప్పటిదాకా ఊడ్చేవాడు, కోసేవాడు, కుప్ప వేసేవాడు, నూర్చేవాడు, బస్తా భుజాన వేసుకుని గట్టు మీద నడిచేవాడు. ఇప్పుడు కోత మిషను గంటల్లో ఎకరాలు కోసేస్తుంది. చేలల్లో సగం చేపల, రొయ్యల చెరువులయ్యాయి. గట్టు మీదకి కూడా బండి మీదే వెళ్తున్నాం. పని పోయింది, కంచంలో అన్నం మాత్రం తాతగారి కొలతే. పైగా అప్పుడు లేనివి ఎన్నో వచ్చి చేరాయి: సాయంత్రం మిరపకాయ బజ్జీ, పంచదార టీ నాలుగుసార్లు, ఎవరింటికి వెళ్లినా కాజా, పూతరేకు.

ఇది నా ఊహ కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలకి కారణాలు నమోదు చేశారు. దాదాపు ప్రతి మూడింటిలో ఒకటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. ఇవే పల్లెల్లో 30 ఏళ్లు దాటిన 4,500 మందికి పైగా పరీక్షిస్తే నూటికి 13 మందికి షుగర్ ఉంది, వాళ్లలో ఇంచుమించు సగం మందికి ఆ సంగతే తెలియదు. ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది, అదీ పల్లెల్లో.

మీ ఇద్దరి తేడాలో ఇంకో సగం కండలది. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా తీసుకునేవి కండలే, అందులోనూ తొడలూ పిరుదులూ. మీ తోడల్లుడు బస్తా ఎత్తినప్పుడల్లా వాటిని ఖాళీ చేస్తున్నారు. ఖాళీ అయిన కండ మళ్లీ చక్కెర పీల్చుకుంటుంది. మీరు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కుర్చీలో. మీ కండలు చిన్నవి, అవీ నిండుగానే ఉంటాయి. ఇక చక్కెర ఎక్కడికి పోతుంది చెప్పండి?

మీ పెళ్లినాటి బరువు ఎంతో మీరు రాయలేదు. దాదాపు ఇరవై ఏళ్ల కిందట 50, 52 ఉండి ఉంటే, ఆ తర్వాత పెరిగిన 11 కిలోలు కండ కాదు. సన్నటివాళ్లని నేను ముందు అడిగేది ఇదే. ఇప్పుడెంత ఉన్నారన్నదాని కంటే, ఇరవై ఏళ్ల వయసులో ఉన్నదాని మీద ఎంత పెరిగారన్నది ఎక్కువ చెబుతుంది.

మీ తోడల్లుడి గురించి కూడా చెప్పాలి. ఆయన రిపోర్టు చూసి ఆయనకి ఢోకా లేదని అనుకోకండి, ఆయన్నీ అనుకోనివ్వకండి. అమెరికాలో నర్సులను ముప్ఫై ఏళ్ల పాటు గమనించిన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. ఊబకాయం ఉన్నా షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ బాగున్న ఆడవాళ్లలో 84 శాతం మందికి 20 ఏళ్లు తిరిగేసరికి వాటిలో ఏదో ఒకటి వచ్చింది. మామూలు బరువు ఉన్నవాళ్లలోనూ 68 శాతం మందికి వచ్చిందనుకోండి. ఐదెకరాల చెరువు కూడా ఏదో ఒకనాటికి నిండుతుంది. ఆయన బస్తాలు ఎత్తడం మానేసి గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రోజు నుంచి జాగ్రత్త. ఇంకా, గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందేమో మీ వదినగారినో మరదలినో అడగండి. మోకాళ్ల సంగతీ అడగండి. ఇవి రక్తపరీక్షలో కనబడవు.

ఇక మీరు ఏం చేయాలి. మీకు బరువు తగ్గమని చెబితే నవ్వుతారని తెలుసు. మీ ఇంట్లో వాళ్లు నా మీద కోప్పడతారు కూడా. కానీ ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో రాయ్ టేలర్ అనే ప్రొఫెసర్ సరిగ్గా మీలాంటి వాళ్ల మీదే ఈ పని చేశారు. బీఎంఐ 27 లోపు ఉండి, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని 20 మందితో విడతకి 5 శాతం చొప్పున బరువు తగ్గించారు. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం 14 మందికి మందులు లేకుండానే షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. లివర్‌లో కొవ్వు కరిగింది. ప్రతి మనిషికీ తనదైన కొవ్వు హద్దు ఒకటి ఉంటుంది, అది దాటితేనే షుగర్ వస్తుంది అన్నది ఆయన వాదన. మీ హద్దు బహుశా 58, 59 దగ్గర ఉంది. అంటే తగ్గాల్సింది నాలుగైదు కిలోలు, అదీ పొట్టలోంచి. 48కి దిగమని నేను చెప్పడం లేదు. పస్తులుండి కండ కరిగించుకుంటే ఇంకా నష్టం.

అన్నం మానేయమని నేను ఎవరికీ చెప్పను. చెప్పినా ఈ జిల్లాల్లో ఎవరూ మానరు. కొలత మార్చండి. ఇప్పుడు తినేదాంట్లో సగం పెట్టుకోండి, మిగతా సగం చోటు కూరకీ పప్పుకీ చేపకీ ఇవ్వండి. తినే వరస కూడా మార్చండి. ముందు తోటకూరో బీరకాయో బెండకాయో ఏదైనా కూర ఉత్తిగా ఒక కప్పు, తర్వాత చేప ముక్కో గుడ్డో పప్పో, చివర అన్నం. అదే తిండికి షుగర్ తక్కువ పెరుగుతుంది. మనకి చేపలకి కరువా? రోజూ ఏదో ఒక పూట చేప, లేదా రెండు గుడ్లు, రాత్రికి పెసలో శనగలో ఉడికించినవి. కండ పెరగాలంటే మాంసకృత్తులు కిలో బరువుకి ఒక గ్రాము, అంటే రోజుకి 60 గ్రాములు అందాలి. మన కంచంలో అన్నం కొండలా ఉండి పప్పు మరకలా ఉంటే అది అందదు. మీకు మూత్రపిండాల పరీక్ష ఇంకా కాలేదు కాబట్టి, అది బాగుందని తేలాకే ఇంతకు మించి పెంచండి.

ఏ బియ్యం తినాలని చాలామంది అడుగుతారు. మన మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం ఉంది కదా, 1982లో విడుదలైంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాలు పరీక్షించినప్పుడు షుగర్‌ని నెమ్మదిగా పెంచే వాటిలో స్వర్ణ కూడా తేలింది. ఇది నిజంగా మనం గర్వపడాల్సిన సంగతి. ఇంట్లో స్వర్ణ వాడుతుంటే మానకండి. కానీ స్వర్ణ కదా అని రెండు మార్లు ఎక్కువ వడ్డించుకుంటే ఆ లాభం పోయినట్టే. పంచదార టీలు, కూల్‌డ్రింకులు, జ్యూసులు మాత్రం పూర్తిగా ఆపండి. తీపిలోని ఫ్రక్టోజు సూటిగా లివర్‌కే వెళ్తుంది. మందు అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఆరు నెలలు పూర్తిగా ఆపండి, ఆ ఒక్కదానితోనే ట్రైగ్లిజరైడ్లు సగానికి పడిపోయిన వాళ్లని చూశాను.

మన దగ్గర అన్నిటికంటే కష్టం చుట్టాలిళ్లు. "ఇంకొక్క గారె, మా మీద ఒట్టు" అంటే కాదనడం మన ప్రాంతంలో అమర్యాద. మొహమాటపడి తినేస్తాం. నేను చెప్పేది ఒకటే. విస్తరి ముందు కూర్చోకముందే ఇంటావిడకి చెప్పేయండి: "నాకు షుగరండీ, డాక్టరుగారు కొలత పెట్టారు." జబ్బు పేరు విన్నాక మన వాళ్లు బలవంతం చేయరు, ఇంకో రెండు ముక్కల చేప వేస్తారు. రెండో కష్టం, మూడు కిలోలు తగ్గగానే "ఏంటి అలా పీక్కుపోయావ్, షుగరు ముదిరిందా" అంటారు. ముఖం కాస్త పీక్కుపోవడం నిజమే. దానికి భయపడి మళ్లీ అన్నం పెంచిన వాళ్లు నాకు ఎంతమందో తెలుసు. మీ ఆవిడకి ఈ జవాబు చదివి వినిపించండి, ఆవిడ మీ వైపు ఉంటే మిగతా వాళ్ల మాట ఏమీ చేయదు.

కండల కోసం జిమ్ము అక్కర్లేదు. చిన్నప్పుడు బళ్లో మాస్టారు తీయించిన గుంజీలు గుర్తున్నాయా, అవే. మొదట కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోండి, రోజుకి మూడు విడతలు. నెల తిరిగాక గుంజీల్లోకి రండి. రోజు విడిచి రోజు గోడకి చేతులు ఆన్చి దండీలు, అవి తేలికయ్యాక బల్ల మీద ఆన్చి. దుకాణంలో మేత బస్తాలు ఉంటాయి కదా, నడుం నొప్పి లేకపోతే మోకాళ్లు వంచి, వీపు నిటారుగా పెట్టి రోజుకి పది బస్తాలు మీరే సర్దండి. భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు కాలవ గట్టున నడవండి. పొద్దున గంట నడిచి రోజంతా కూర్చోవడం కంటే ఇది తిన్నాక పెరిగే మీ షుగర్‌కి ఎక్కువ పనిచేస్తుంది. సీజన్‌లో చెరువుల దగ్గర రాత్రి కాపలాకి వెళ్తుంటే చెప్పండి, నిద్ర చెడినా ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు.

మీ డాక్టరుగారు రాసిన షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మానకండి. తిండి తగ్గిస్తున్నానని ఆయనకి చెప్పి చేయండి. మీకు కాకపోయినా, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ఇది చదివి సొంతంగా అన్నం సగం చేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది, ముందు మందు మోతాదు మార్పించుకోవాలి. మీ వయసుకి షుగర్ కూడా వచ్చింది కాబట్టి కొలెస్ట్రాల్ మాత్ర అవసరమా అని అడగండి. కంటి రెటీనా పరీక్ష, మూత్రపిండాల కోసం మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్, లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లు చేయించండి. రక్తహీనత ఉంటే మూడు నెలల సగటు తప్పు చూపించవచ్చు, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి.

ఒక హెచ్చరిక. సన్నటివాళ్ల షుగర్ అంతా ఇలాంటిదే కాదు. ప్రయత్నించకుండానే బరువు పడిపోతున్నా, విపరీతమైన దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రం, కడుపులో వీపుకి తన్నే నొప్పి, జిడ్డుగా తేలే విరేచనం, ఇవి ఉంటే నేను రాసిన డైటు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇన్సులిన్ తయారీయే ఆగిపోయే రకాలు, పాంక్రియాస్ చెడిపోయి వచ్చే రకం వేరే ఉన్నాయి. వాటికి ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్ లాంటి పరీక్షలు కావాలి, ఇన్సులిన్ కావాలి. మీ నడుమూ లివరూ చూస్తే మీది అది కాదనిపిస్తోంది, కానీ చూడకుండా తేల్చి చెప్పలేను.

ఆడవాళ్లకి ఒక మాట. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పయ్యాక తగ్గిపోయినవాళ్లు ఎంత సన్నగా ఉన్నా ఏటా పరీక్ష చేయించుకోవాలి. ముట్లు ఆగాక కొవ్వు తొడల నుంచి పొట్టకి మారుతుంది, బరువు అలాగే ఉంటుంది, అందుకే తెలియదు.

కాటా కంటే మంచి కొలత ఒకటి చెబుతాను. ఒక పురికొస తీసుకుని మీ నిలువెత్తుకి కోయండి. దాన్ని సగానికి మడిచి, లుంగీ కట్టే చోట కాకుండా చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట చుట్టూ తిప్పండి. కొసలు కలవాలి. మీకు ఇప్పుడు తొమ్మిది సెంటీమీటర్లు చాలదు. ఆ పురికొసని దుకాణంలో కేలండర్ మేకుకి తగిలించుకోండి, నెలకోసారి చూసుకోండి. మూడు నెలలయ్యాక కొత్త రిపోర్టులతో పాటు ఎంత చాలడం లేదో రాయండి. మీ తోడల్లుడికి కూడా ఆయన ఎత్తు పురికొస ఇచ్చి కొలిపించి, ఆయనదీ రాయండి.